నెల రోజుల మాత్రలు

నేను పశువుల డాక్టరును కాను, కాంపౌండరును. ఈ మాట ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆ రోజుల్లో నా నోటి నుంచి ఎవరూ విని ఉండరు. కదిరి నుంచి తనకల్లు పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక చిన్న ఊళ్లో, పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. డాక్టరు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. పక్క మండలం డాక్టరు వారానికోసారి వచ్చి, రిజిస్టర్లలో సంతకాలు పెట్టి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేవాడు. మిగిలిన రోజుల్లో సూది వేసేదీ, కుట్లు వేసేదీ, రోగం పేరు చెప్పేదీ నేనే. జనం నన్ను ‘డాక్టరు సార్’ అనేవాళ్లు. నేను వద్దనలేదు. రెండేళ్లు పోయేసరికి ఎవరైనా అట్లా పిలవకపోతే మొహం మాడ్చుకునే దాకా వచ్చాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. వాన ముఖం చాటేసింది. ఎద్దులను సంతకు తోలి కోతకు అమ్ముకున్నవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు ఉత్త పలుపుతాళ్లు భుజాన వేసుకుని నా ఆసుపత్రి ముందు నుంచే పోయేవాళ్లు. ఊళ్లో మిగిలినవి గొర్రెలు. గొర్రెలకు గజ్జి. ఆసుపత్రి వెనకాల సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. నీళ్లలో మందు కలిపితే తొట్టి నిండా పాలు పోసినట్టు తెల్లగా అయ్యేది. ఒక్కో గొర్రెనూ ఈ చివర ముంచి ఆ చివర లేపేవాళ్లం. నాలుగైదు రోజుల్లో గజ్జి పురుగు చచ్చి, పక్కు రాలి, కింద గులాబి రంగు చర్మం కనపడేది. కాపరులు చేతులెత్తి మొక్కేవాళ్లు. అందుకే ఒళ్లు గోక్కునే ప్రాణి ఏది వచ్చినా నా కంటికి ఒకే రోగం కనిపించేది. నా చేతికి ఒకే మందు తగిలేది.

అలాంటి కాలంలో ఒక ముసలమ్మ పిల్లిని పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. వెదురు గంపలో పిల్లి, పైన చేట, చేట మీద ఆమె చెయ్యి. అరవై ఏళ్లుంటాయి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఊరి చివర ఒంటి గది మిద్దె, నాలుగెకరాల మెట్ట. మంచం కింద, గోడ పక్కన, వచ్చే కారుకు దాచుకున్న విత్తనపు వేరుశనగ మూటలు. తినడానికి తిండి లేకున్నా విత్తనం ముట్టుకోరు మా దగ్గర. ఎలుకలకు ఆ నియమం లేదు. ఆ మూటలకు కాపలా ఈ పిల్లే. అంతకన్నా ముఖ్యం, ఆ ఇంట్లో ఆమె మాట్లాడితే చెవులు కదిలించే ప్రాణి ఇంకోటి లేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ముందు నవ్వింది నేనే.

“ఏమవ్వా, ఈనిందా? పాలు పిండాల్నా?” అన్నాను.

వరండాలో కూర్చున్న కాపరులు పగలబడి నవ్వారు. ఎద్దుకే గతిలేని కరువులో పిల్లికి వైద్యమేమిటని వాళ్ల నవ్వు. ఆమె కూడా మర్యాదకు కాస్త నవ్వి, చేట పక్కకు జరిపింది. వాసన ముందు వచ్చింది. బూడిద రంగు ఆడపిల్లి. గదవ కింద, మెడ చుట్టూ, తోక మొదట్లో, పొట్ట మీద వెంట్రుకలు ఊడి చీము పొక్కులు. కొన్ని పగిలి పసుపుపచ్చగా పక్కు కట్టాయి. కొన్ని జొన్నగింజంత లేచి, పగలడానికి సిద్ధంగా ఉన్నాయి.

“గజ్జి,” అన్నాను, గంప దగ్గరికి కూడా పోకుండా.

ఒక్క పిల్లి కోసం తొట్టి మందు కలపడమెందుకని, వేపనూనెలో గంధకం కలిపి ఇచ్చాను. తగ్గలేదు. మళ్లీ వచ్చింది. చీము కదా అని మూడు రోజులు ఇంజెక్షన్ వేశాను. పొక్కులు ఎండిపోయాయి. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. మూడో వారానికి గంప మళ్లీ వరండాలో ఉంది. మళ్లీ మూడు రోజులు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. చలికాలం గడిచేలోగా ఇట్లా నాలుగుసార్లు. ప్రతిసారీ మొదటికన్నా ఎక్కువ చోట్ల లేచేవి. ప్రతిసారీ నేను ఆమెనే తిట్టేవాణ్ణి. పొయ్యి బూడిదలో పడుకోబెట్టావని ఒకసారి, కుళ్లిన ఎలుకను తిననిచ్చావని ఒకసారి. ఆమె తల ఊపి, “నాదే తప్పు డాక్టరు సార్,” అనేది. అట్లా ఒప్పుకునే మనిషి దొరికితే తిట్టడం ఎంత సుఖమో నాకు బాగా తెలుసు.

ఇంతలో ఆమె వీధిలో గొడవ మొదలైంది. పక్కింటి పిల్లల్లో ఒకడికి తలలో సెగ్గడ్డలు లేచాయి. ఎండ మొదలయ్యే రోజుల్లో ప్రతి ఇంట్లో లేచేవే. అయినా పిల్లి వల్లే అన్నారు. మా దగ్గర పిల్లిని చంపరు. చంపితే మహాపాపమని, బంగారంతో పిల్లిని చేయించి దానమిస్తే గానీ ఆ పాపం పోదని పెద్దలు చెప్తారు. చంపరు గానీ గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ఊరు దాటించి ఎండలో వదిలేస్తారు. అది చంపడం కిందికి రాదని వాళ్ల లెక్క. వీధి పెద్దమనిషి వచ్చి ఆమెకు ఉగాది దాకా గడువు పెట్టాడు. అప్పటికి ఒళ్లు మానకపోతే పిల్లి సంచిలోకి పోతుంది.

“ఉగాది లోపల మాన్పించు డాక్టరు సార్. నీ కాళ్లు మొక్కుతా. దాన్ని ఎండలో ఇడిసిపెడితే నీళ్లు యాడుంటాయి సార్, అదెట్ల బతుకుతాది?” అంది.

“చూస్తాంలే,” అన్నాను. ఏం చూడాలో నాకు తెలియదు.

ఆ నెలలోనే మా ఆసుపత్రికి డాక్టరు వచ్చింది. కోస్తా నుంచి, మొదటి ఉద్యోగం, పాతికేళ్ల అమ్మాయి. వచ్చిన రెండో రోజే వరండాలో గంప చూసింది. చూసి, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని పిల్లి ముందు కూర్చుంది. కాపరులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నాకైతే ఆమె కూర్చున్న తీరుకే ఒళ్లు మండింది. డాక్టరన్న మనిషి కుర్చీలో కూర్చోవాలి.

అరగంట ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు మొదలైంది? ముందు గోక్కుందా, ముందు పొక్కులు లేచాయా? రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది? ఏం తింటుంది? మీ కాళ్ల మీద కూడా దద్దుర్లు వస్తున్నాయా అమ్మా? ముసలమ్మ చీర కాస్త పైకెత్తి మడమల దగ్గర ఎర్రటి చుక్కలు చూపించింది. నాలుగు నెలల్లో ఆ ప్రశ్నల్లో ఒక్కటీ నేను అడగలేదు.

తర్వాత బ్లేడు మొద్దువైపుకు నూనె చుక్క రాసి చర్మం గీకింది. ఇంకా పగలని పొక్కు ఒకటి ఎంచుకుని, సూదిమొనతో గిల్లి, గాజు స్లైడును దాని మీద అద్దింది. స్లైడుకు నీలం రంగు పట్టించి, కడిగి, ఆరబెట్టింది. పేడ పరీక్షలకని ఎప్పుడో పంపితే బీరువాలో బూజుపట్టి పడున్న మైక్రోస్కోపును బయటికి తీయించింది. వంగి చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తి అందరి ముందూ నన్ను పిలిచింది.

“కాంపౌండర్ గారూ, ఇలా వచ్చి చూడండి.”

ఆ పిలుపు వరండా అంతా వినపడింది. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. కాపరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ అమ్మాయికి అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఉన్న మాటే అంది. ఆ రోజు నుంచి ముసలమ్మ నన్ను ‘డాక్టరు సార్’ అనడం మానేసి ‘నాయనా’ అనడం మొదలుపెట్టింది. ప్రేమగానే అనేది. ఆ ప్రేమ నాకు అక్కర్లేదు.

మైక్రోస్కోపులో చీము కణాలు, వాటి లోపలా బయటా నీలంగా గుండ్రటి చుక్కలు గుంపులు గుంపులుగా కనిపించాయి. గజ్జి పురుగు ఒక్కటీ లేదు. “ఇది గజ్జి కాదండీ, బాక్టీరియా. అయితే ఇవి మంచి చర్మం మీద కూడా ఉంటాయి, ఊరుకుంటాయి. ఈ పిల్లి మీదే ఎందుకు తిరగబడ్డాయో అది కనుక్కోవాలి,” అంది. పేల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్లకాగితం మీద వేసింది. కాసేపటికి ఒక్కో నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకింది. అవి ఎగిరే పేల రెట్టలు, అందులోది పిల్లి రక్తమే. పిల్లి పడుకునేది మంచం కింద వేరుశనగ పొట్టు పోసిన గోతంలో. పేలకు అది పుట్టిల్లు. అవి కుడితే పిల్లి గోక్కుంటుంది, నాకుతుంది, చర్మం చిట్లుతుంది. చిట్లిన చోట బాక్టీరియా దిగుతుంది. ముసలమ్మ కాళ్ల మీదవి కూడా అవే కాట్లు.

మందు ఇట్లా చెప్పింది. పొట్టు తగలబెట్టాలి. పరుపు గుడ్డలు ఎండలో వేయాలి. రోజూ దువ్వెనతో దువ్వి పేలను సబ్బునీళ్లలో వదలాలి. ఒంటికి పేల మందులేవీ పూయకూడదు, దువ్వెన చాలు. చీము పొక్కులను మందునీళ్లతో రెండు పూటలా తుడవాలి. మాత్రలో పావు ముక్క పొద్దునా సాయంత్రమూ, నెల రోజులు. పొక్కులు మానినట్టు కనపడినా సరే ఆపకూడదు, మానాక ఇంకో పది రోజులు పడాలి. “పైన ఎండిపోతుంది, లోపల మిగిలే ఉంటుందమ్మా. మూడు రోజులు వేసి ఆపి, మూడు రోజులు వేసి ఆపి చేయడం వల్లే ఇది మొండికేసింది,” అంది. నా వైపు చూడకుండానే అంది. చూసినా బాగుండేది.

చివరికి ఖాళీ మందు డబ్బా తెల్ల ప్లాస్టిక్కును కత్తిరించి, అంచులకు గుడ్డ కుట్టి, పిల్లి మెడకు గరాటులా కట్టింది. అది ఉంటే నాలుక ఒంటికి అందదు. పిల్లి వెనక్కి వెనక్కి నడుస్తూ గోడకు గుద్దుకుంది. కాపరులు నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. పిల్లికి మందులు కొట్టొద్దని ఎందుకందో అడగాలనిపించింది. అడిగితే నాకు తెలియదని ఒప్పుకున్నట్టు. అడగలేదు.

ముసలమ్మ ఆ పని దేవుడి పనిలా చేసింది. సంగటి ముద్దలో మాత్ర పెడితే పిల్లి ముద్ద తిని మాత్రను శుభ్రంగా పక్కన ఉమ్మేసేది. అందుకని కదిరి నుంచి ఎండుచేప తెప్పించుకుని, ముక్క మధ్యలో దూర్చి పెట్టేది. వీధి అరుగు మీద కూర్చుని గంటలు గంటలు దువ్వేది. ఇరవై రోజులకు పక్కులు పోయి బూడిద రంగు నూగు మొలిచింది. గంప మీద చేట లేకుండానే పిల్లిని తీసుకొచ్చి, అందరికీ దాని మెడ ఎత్తి చూపించింది.

అంతలో ఆమె చేయకూడని పని ఒకటి చేసింది. అది ఆమె ఒక్కతే చేసే పని కాదు, మా దగ్గర అందరూ చేసేదే. ఒళ్లు నెమ్మదించగానే మిగిలిన మాత్రలను కాగితంలో చుట్టి గోడ గూట్లో దాచింది, మళ్లీ జబ్బు చేస్తే పనికొస్తాయని. విత్తనం దాచుకున్నట్టే మందూ దాచుకుంటారు కరువు సీమలో. రెండు వారాలు తిరక్కుండా గదవ కింద రెండు పొక్కులు లేచాయి. ఆమె ఏడుస్తూ వచ్చి, గూట్లో దాచిన సంగతి తానే చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. మళ్లీ మొదటి రోజు నుంచి నెల లెక్క మొదలుపెట్టించింది. ముసలమ్మ కదిరి నరసింహస్వామి మీద ఒట్టేసి, ఒక్క పూట కూడా తప్పనని చెప్పింది. తప్పలేదు కూడా. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. రెండోసారి ఆమె ఒక్క పూట కూడా తప్పలేదు.

పన్నెండో రోజుకు డాక్టరమ్మ శిక్షణ కోసం రెండు వారాలు ఊరు వదిలింది. ఉగాది ఇంకా పదిహేను రోజులుంది. ఆసుపత్రి మళ్లీ నాది.

ఆ మర్నాడు పొద్దున మేం గొర్రెలు ముంచుతున్నాం. సగం మందలు అయిపోయి, కాపరులు బీడీలు ముట్టించుకుని కూర్చున్నారు. ముసలమ్మ గంపతో వచ్చింది.

“చూడు నాయనా, పొట్టు రాలుతాండాది. గోక్కోవల్లని కాలు ఎత్తుతాండాది. మళ్లా లేస్తాందేమో అని బయమయితాంది. ఉగాది దగ్గరికొచ్చె.”

పొక్కులు మానేటప్పుడు పక్కు పొట్టులా రాలుతుంది, ఆ చోట దురద కూడా పుడుతుంది. ఆ పిల్లి మానుతోంది. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు. ఆ రోజు నాకు కనిపించింది ఒక్కటే. డాక్టరమ్మ వచ్చేలోగా ఈ పిల్లిని నేను నున్నగా చేసి చూపిస్తే, వరండాలో పోయిన నా పేరు వరండాలోనే తిరిగొస్తుంది. అంతే. దయ కాదు, జాలి కాదు, కనీసం అజ్ఞానం కూడా పూర్తిగా కాదు. ఉక్రోషం.

“ఆయమ్మకు పుస్తకాలు తెల్సు గానీ ఈ సీమ జబ్బులు తెల్సునా అవ్వా? నేను మొదట్నుంచి చెప్తాండా, ఇది గజ్జే,” అన్నాను, కాపరులకు వినపడేటట్టు. “ఎన్ని వేల గొర్రెలకు మాన్పినానో వీళ్లనడుగు.”

“అవునవ్వా, సార్ చెయ్యి మంచిది,” అన్నాడొక కాపరి.

తొట్టి పక్కన బక్కెట్లో తెల్లటి మందు మిగిలుంది. పిల్లి మెడకున్న ప్లాస్టిక్కు గరాటు ముడి విప్పి తీసేశాను, మెడ మీద కూడా పూయాలి కదా. ముసలమ్మ నాలుగు కాళ్లూ పట్టుకుంది. సున్నం బ్రష్షుతో మెడ నుంచి తోక దాకా, పొట్టతో సహా, తడిసి కారేటట్టు పూశాను. పిల్లి అరిచింది. ఆమె దానికి ఊరడింపు మాటలు చెప్తూనే ఉంది.

“ఈ గరాటు మళ్లా కట్టల్ల గదా నాయనా?”

“ఏమీ వద్దు. గాలి తగలనీ.”

“ఆయమ్మ తియ్యొద్దనె…”

“నీకు ఆయమ్మ కావల్నా, పిల్లి కావల్నా?” అని కసిరాను. ఆమె పిల్లిని గంపలో పెట్టుకుని, “నీకు పుణ్యముంటాది నాయనా,” అని వెళ్లిపోయింది.

మరునాడు ఆసుపత్రి తలుపు తీసే వేళకు ఆమె మెట్ల మీద ఉంది. గంప లేదు. పిల్లి ఆమె కొంగులో ఉంది. మూతి నుంచి చొంగ తీగలు తీగలుగా కారి ఆమె చీర ముందు భాగమంతా తడిసింది. పిల్లి ఒళ్లంతా సన్నగా, ఆగకుండా వణుకుతోంది. చెవులు విడివిడిగా అదురుతున్నాయి. కాళ్లు కర్రల్లా చాచుకుంది.

చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. తొట్టి నీళ్లు తాగిన మేకపిల్ల ఒకటి ఇట్లాగే పోవడం నేను చూశాను. గొర్రె మెడ తిప్పి తన ఒళ్లు నాక్కోదు. మందు ఉన్నిలో ఇంకి, ఎండలో ఆరిపోతుంది. పిల్లి ఒంటి మీద చిన్న తడి కూడా ఉండనివ్వదు. నేను పూసిందంతా రాత్రంతా కూర్చుని, వెంట్రుక వెంట్రుకా నాక్కుంది. పుట్టినప్పటి నుంచి పిల్లులు ఒళ్లు నాక్కోవడం చూస్తూనే ఉన్నాను. దువ్వెన చాలని ఆ అమ్మాయి ఎందుకందో, గరాటు ఎందుకు కట్టిందో, నా బుర్రకు అప్పుడు తట్టింది.

“బోరింగు కాడికి పోయి నీళ్లు తే పో అవ్వా,” అన్నాను. ఆసుపత్రిలో నీళ్లున్నాయి. నేనేం సూది వేస్తున్నానో ఆమె చూడకూడదని పంపాను. విషానికి విరుగుడు వేశాను. సబ్బుతో ఒళ్లంతా కడిగాను. కడిగేకొద్దీ బ్రష్షు గుర్తుల వెంట తెల్లటి నురగ వచ్చింది. ఆమె బిందెతో వచ్చేసరికి బల్ల తుడిచి, సీసా దాచి పెట్టాను. రెండోసారి సూది వేద్దామనుకునేలోగా పిల్లి వెన్ను విల్లులా వంచి, మళ్లీ వదలలేదు. ఎండ గుమ్మం దాకా కూడా రాలేదు, అయిపోయింది.

ఆమె ఏడవలేదు. దాని చెవి సర్దింది. నోటి దగ్గర చొంగ కొంగుతో తుడిచింది. తర్వాత నా మొహం చూసి అడిగింది.

“ఎందుకు సచ్చిపాయ నాయనా? నిన్న ఎండుచేప తినె గదా.”

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆమె నన్ను కొట్టేది కాదు, పైవాళ్లకు అర్జీ పెట్టేది కాదు. మహా అయితే వరండాలో నలుగురి ముందు నా తల కిందికి దిగేది. దానికే భయపడ్డాను.

“మాత్రలు మధ్యలో ఆపినావు గదవ్వా మొదటిసారి. అప్పుడే జబ్బు లోపలికి దిగింది. నెత్తురుకెక్కింది. ఇంక ఎవరి చేతిలోనూ లేదు,” అన్నాను.

ఆమె పెదవులు కదిలాయి, రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు.

“అయితే నేనే సంపుకుంటినా?”

“నువ్వు కావాలని చేసినావా అవ్వా? తెలీక చేసినావు,” అన్నాను, గొంతులో జాలి తెచ్చుకుని. నా జీవితంలో నేనాడిన మాటల్లో అంత నీచమైనది ఇంకోటి లేదు. అవునని ముఖం మీద కొట్టినట్టు చెప్పినా ఇంతకన్నా మర్యాదగా ఉండేది.

డాక్టరమ్మ శిక్షణ నుంచి వచ్చి సంగతి విని నన్ను పిలిచింది. చొంగ కార్చిందా, వణికిందా అని అడిగింది. చూడలేదన్నాను. ఒంటి మీద పొక్కులతో పిల్లి ఒక్క పూటలో చచ్చిపోదు కాంపౌండర్ గారూ, ఏం పూశారు, అని అడిగింది. కానుగ నూనె అన్నాను. ఆమె నమ్మలేదు. రుజువేమీ లేదు. పిల్లిని పూడ్చి పది రోజులు దాటింది. సాయంత్రం తానే ముసలమ్మ ఇంటికి పోయి, ఇందులో నీ తప్పేమీ లేదమ్మా అని చెప్పి వచ్చింది. ఆ సంగతి ముసలమ్మే నాకు చెప్పింది.

“ఆయమ్మ మంచిది నాయనా. నా మనసు కష్టపెట్టకూడదని అట్లంటాది. నాకు తెలీదా? మాత్రలు గూట్లో పెట్టింది నేను గదా.”

ఉగాది వెళ్లిన వారానికి ఆమె ఆసుపత్రి ముందు నుంచి నడిచి పోతుంటే నేను గుర్తుపట్టలేదు. గుండు. నెత్తిన పసుపూ గంధమూ పూసుకుని, పైన కొంగు కప్పుకుంది. బస్సెక్కి కదిరి పోయి, స్వామికి తల వెంట్రుకలిచ్చి వచ్చింది.

“పిల్లిని సంపిన పాపానికి బంగారు పిల్లిని దానమియ్యల్లంట నాయనా. నాకు బంగారం యాడిది? నాకుండేది ఈ వెంట్రుకలే, ఇచ్చొస్తి. సామి తీసుకుంటాడో ల్యాదో,” అంది.

తీసుకుంటాడులే అన్నాను. నా తల మీద జుట్టు ఒత్తుగా, నూనె రాసి, పాపిడి తీసి ఉంది.

ఆ తర్వాత ఏళ్లలో ఆమె మా ఆసుపత్రికి ఉత్త చేతులతోనే వచ్చేది. మెట్ల మీద కూర్చుని, ఎవరు మందు తీసుకుని బయటికి వచ్చినా ఆపేది. ఎన్ని దినాలకు ఇచ్చినారు? అన్నీ ఏసెయ్, ఒక్కటి కూడా దాచిపెట్టుకోవాకు, నేను దాచిపెట్టి నా పిల్లిని సంపుకుంటి, అని మొదటి నుంచి చివరి దాకా చెప్పేది. కొందరు నవ్వేవాళ్లు, కొందరు వినేవాళ్లు. వినేవాళ్ల పశువులు బాగుపడ్డాయి. డాక్టరమ్మ బదిలీ అయి వెళ్లిపోయాక నేనూ ఆ కథను వాడుకున్నాను. మందు మధ్యలో ఆపుతామనేవాళ్లకు మెట్ల మీదికి వేలు చూపించి, ఆ అవ్వనడగండి అనేవాణ్ణి. నా అబద్ధాన్ని ఆమె నోటితోనే, ఆమె ఏడుపుతోనే చెప్పించేవాణ్ణి.

పిల్లి పోయిన మూడో ఏడు, ఆసుపత్రి సామాన్ల గదిలో ఒక పిల్లి ఈనింది. నాలుగు కూనలు. అందులో ఒకటి తెల్లది, బలంగా ఉంది, పాలు మరిచింది. ఆమె ఇంట్లో ఎలుకలు విత్తనపు మూటలకు చిల్లులు పెడుతున్నాయని విన్నాను. ఒళ్లో ఏదైనా ప్రాణి ఉంటే ఆ మెట్ల మీద కూర్చోవడం మానుతుందేమో అని కూడా అనుకున్నాను. అది ఆమె కోసమా, నా కోసమా అని ఇప్పుడు అడగకండి. కూనను తువ్వాల్లో పెట్టుకుని ఆమె ఇంటికి పోయాను. మొదటిసారి ఆ గడప తొక్కాను.

కూన తువ్వాల్లోంచి తల బయటపెట్టి అరిచింది. ఆమె చెయ్యి ముందుకు వచ్చింది. వేళ్లు దాని నెత్తిని తాకబోయే దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయాయి. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

“వద్దు నాయనా. తీసుకోనిపో. మందు కూడా సరిగ్గా ఎయ్యలేని చేతులు ఇవి. దాన్ని గూడా సంపుకోలేను.”

కూన అరుస్తూనే ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. చెప్తే ఆ చేతులు కొంగులోంచి బయటికి వచ్చేవి. నాకు నోటి దాకా వచ్చింది. గడప దగ్గర చెప్పులు వేసుకున్నాను.

“సరే అవ్వా, నీ ఇష్టం,” అన్నాను.